పది శాతం వేస్టేజీ

ఇల్లు పెంచుకునేవాడికి తప్పుడు ఎస్టిమేటును మించిన వరం లేదు! నవ్వకండి. సరైన ఎస్టిమేటు చేతికొస్తే ఈ భూమ్మీద ఒక్క గోడైనా లేచేదా? ఎంతవుతుందో ముందే తెలిస్తే ఎవడైనా టేపు చుట్టేసి, ఉన్న ఇంట్లోనే బుద్ధిగా సర్దుకుంటాడు. ఊళ్లకు ఊళ్లు కట్టింది మేస్త్రీలు కాదండీ, లెక్క తప్పినవాళ్లు!

ఇది ఎక్కడో విన్న మాట కాదు. స్వయంగా ఒక గది కట్టించి, నిండా మునిగి మాట్లాడుతున్నాను.

మా ఆవిడ బట్టలు కుడుతుంది. ఆవిడ మిషన్ పదకొండేళ్లుగా హాల్లో ఫ్రిజ్‌కీ బాత్రూముకీ మధ్య ఉంది. దాంతో ఫ్రిజ్ తలుపు సగమే తెరుచుకుంటుంది. ఎవరు బాత్రూముకు వెళ్లాలన్నా ఆవిడ లేచి స్టూలు జరపాలి. ఈ ఏడాది ఒక స్కూలువాళ్లు రెండు వందల జతల యూనిఫాం కుట్టే ఆర్డరు ఇస్తామన్నారు. బట్ట తానులు పెట్టుకోవడానికి తాళం వేసుకునే గది ఒకటి ఉండాలన్నది వాళ్ల షరతు. గడువు మూడు నెలలు.

ఇంటి వెనక పది అడుగులకు పన్నెండు అడుగుల గది వేద్దామని, ఆవిడ ఇన్నేళ్లుగా దాచుకున్న కుట్టుకూలి డబ్బంతా తెచ్చి నా చేతిలో పెట్టింది. డబ్బు ఆవిడది, మేధస్సు నాది. పదిహేనేళ్లుగా ఈ కాలమ్‌లో లోకానికి బుద్ధి చెబుతున్నవాణ్ణి, ఒక్క గదికి లెక్క కట్టలేనా?

ముందు మేస్త్రీ వచ్చాడు. స్థలమంతా అడుగులో అడుగేసుకుంటూ నడిచాడు. ఒక కన్ను మూసి గోడ వైపు చూశాడు.

"మూడున్నర వేల ఇటుక తెప్పించండి సార్. తక్కువైతే నన్నడగండి," అన్నాడు.

మూడున్నర వేలట! కాగితం లేదు, పెన్సిలు లేదు, ఒక ఫార్ములా లేదు. ఇలాంటి మోటు మనుషుల చేతుల్లో మన ఇళ్లు ఎలా నిలబడుతున్నాయో నాకు అర్థం కాలేదు.

నేను ఫోన్‌లో ఇంటి ఎస్టిమేటు వేసే యాప్ తెరిచాను. పొడవు, వెడల్పు, ఎత్తు కొట్టగానే జవాబు వచ్చేసింది. మూడు వేల నూట నలభై ఆరు! ఆ చివరి ఆరు చూశారా? గుండ్రటి అంకె ఎవడైనా చెబుతాడు. ఆరు దాకా వెళ్లాలంటే వెనకాల సైన్సు ఉండాలి. నిజం చెప్పొద్దూ, ఆ ఆరును చూసి నాకు కళ్లు చెమర్చాయి.

అదెంత నిక్కచ్చి యాప్ అనుకున్నారు! తలుపు కొలతలు, కిటికీ కొలతలు అడిగి మరీ, అంత మేర ఇటుకలు తగ్గించింది, ప్లాస్టరింగు తగ్గించింది, రంగు తగ్గించింది. మా ఆవిడ నా భుజం మీదుగా తొంగి చూసింది.

"తలుపుకెంత వేశారండీ?"

"ఇరవై ఒక్క చదరపు అడుగులు! అంగుళం వదలకుండా తీసేశాను," అన్నాను.

ఆవిడ ఇంకేదో అడగబోయి ఊరుకుంది. మేధావులను మధ్యలో కదిలించకూడదని ఆవిడకు తెలుసు.

ఇక వేస్టేజీ సంగతి. ఇటుకలు విరుగుతాయి గనక పది శాతం ఎక్కువ తెప్పించుకోమంది యాప్. కలిపాను. యాప్‌ను గుడ్డిగా నమ్మకూడదని నా తరఫున నేనో పది శాతం కలిపాను. అంతలో మా బావమరిది దిగాడు. జన్మలో కోళ్లగూడు కూడా కట్టని ఇంజనీరు ఆయన.

"బావా, చివర్లో ఒక వంద తక్కువైతే మళ్లీ లారీ బాడుగ దండగ. పది శాతం ఎక్కువేసుకో!" అన్నాడు. వేసుకున్నాను.

సరుకు కొట్టు యజమాని ఇంకా మర్యాదస్తుడు. "మీ ఇష్టం సార్. తెలిసినవాళ్లయితే పది శాతం ఎక్కువే తీసుకుంటారు," అన్నాడు. తెలిసినవాళ్లలోంచి నన్ను తీసేస్తే ఊరుకుంటానా? అదీ వేశాను. మొత్తం నాలుగు వేల ఆరు వందల ఆరు. చివరి ఆరు చెక్కుచెదరలేదు, గమనించారా! లారీలో ఖాళీ ఎందుకని ఆయనే ఐదు వేలు చేసి దింపాడు. సిమెంటు, ఇసుక, టైల్స్ కూడా ఇదే శాస్త్రీయ పద్ధతిలో వచ్చాయి.

గోడ మోకాలెత్తు లేచేసరికి మేస్త్రీ చేతులు దులుపుకుని అడిగాడు.

"ద్వారబంధం ఎప్పుడొస్తది సార్?"

ఎస్టిమేటు తీసి చూశాను. తలుపు పేరు మూడు చోట్ల ఉంది. మూడు చోట్లా తీసివేతల్లోనే ఉంది! ఆ యాప్ దృష్టిలో తలుపంటే ఇటుకలు లేని చోటు, అంతే. కొనాల్సిన వస్తువుల్లో తలుపూ లేదు, కిటికీ లేదు. పోనీ ఇప్పుడు కొందామంటే కూలికీ రేకులకూ పోను డబ్బంతా ఇటుకలైపోయి వీధిలో ఉంది.

మేస్త్రీ తలుపు చోట ఖాళీ వదిలేసి గోడలు పూర్తి చేశాడు, పైన రేకులు వేశాడు. మూడు వేల నాలుగు వందల ఇటుక పట్టింది. మిగిలిన గుట్ట వైపు ఒకసారి చూసి, నన్ను ఒక్క మాట కూడా అనకుండా కూలి తీసుకుని వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది.

కొట్టు యజమానిని మిగిలింది వెనక్కి తీసుకోమన్నాను. ఆయన అమ్మిన సరుకు వాపసు లేదని రాసి ఉన్న బోర్డు వైపు వేలు చూపించాడు. దారికి అడ్డమని పక్కింటివాళ్లు గొడవ చేస్తే సరుకంతా కొత్త గదిలోకే చేర్చాం. పదహారు వందల ఇటుకలు, టైల్స్ పెట్టెలు, వానకు తడిసి బస్తా ఆకారంలోనే గడ్డకట్టిన సిమెంటు దిమ్మలు తొమ్మిది. వాటిని ఎవరూ ఎత్తుకుపోకుండా తలుపు చోట ఇటుకలే అడ్డంగా పేర్చాం. గది నిండింది!

తప్పంతా యాప్‌ది, బావమరిదిది, కొట్టువాడిది అని రాద్దామనే కూర్చున్నాను. రాయలేకపోతున్నాను. మా ఆవిడ చొక్కాకు బట్ట చెప్పేటప్పుడు మనిషిని భుజం నుంచి మణికట్టు దాకా ఒక్కసారి చూస్తుంది. "రెండుంపావు తెచ్చుకోండి," అంటుంది. కుట్టాక మిగిలేది అరచేతంత ముక్క. అదీ జేబు లోపలికి వాడేస్తుంది. ఇన్నేళ్లలో ఒక్కరికి కూడా పది శాతం ఎక్కువ చెప్పలేదు. ఎందుకంటే ఆ బట్ట ఎదుటివాళ్లది. నేను ఇష్టమొచ్చినట్టు కలుపుకుంటూ పోయిందీ, ఆ డబ్బు నాది కాదు గనకే. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది.

స్కూలువాళ్లు వచ్చి చూసి, తాళం ఎక్కడ వేస్తారని అడిగి వెళ్లారు. ఆర్డరు మెయిన్ రోడ్డు మీది టైలరు కొట్టుకు పోయింది. పని ఎక్కువై ఆ టైలరు మా ఆవిడనే కూలికి పిలిచాడు, మిషన్ కూడా తెచ్చుకోమన్నాడు. అది ఆటో ఎక్కిన రోజున మా ఫ్రిజ్ తలుపు పదకొండేళ్ల తర్వాత పూర్తిగా తెరుచుకుంది. చూశారా ఎస్టిమేటు మహిమ!

మొదటి రోజు సాయంత్రం ఆవిడ ఇంటికొచ్చి, చీర మీది దారాలు ఏరుకుంటూ కూర్చుంది.

"అక్కడ బాగుందా?" అని అడిగాను.

"బాగానే ఉందండీ. తలుపుంది," అంది.

ఇదివరకు మిషన్ ఉండిన చోట ఇప్పుడు బల్ల వేసుకుని ఈ కాలమ్ రాస్తున్నాను. చోటు సరిగ్గా సరిపోయింది. పది శాతం మిగిలింది కూడా.