జలపతి గోడకు చెమ్మ

పెళ్లయిన నలభై మూడో రోజున జలపతి తన ఇంటి గోడను తానే తడపాల్సి వచ్చింది.

సిరిసిల్లలో వాళ్లిల్లు రోడ్డుకు పల్లంలో ఉంటుంది. కింద సెల్లార్. అందులోని సాంచాలు, అదే మరమగ్గాలు, కొత్త షెడ్డుకు తరలిపోయాక ఆ చోటును జలపతి, అతని దోస్తు సతీశ్ కేరం ఆటకు అంకితం చేసేశారు.

ఒక సాయంత్రం భార్య సృజన వేడి వేడి మిర్చీలు పెడుతూ, "బావా, సెల్లార్ల మగ్గం వర్క్ పెట్టుకుంట. జగిత్యాల పెండ్లిపిల్లవి ఏడు జాకెట్లు ఒప్పుకున్న. శుక్రారం కోరుట్లకెల్లి ఫ్రేము వస్తది" అంది. నోట్లో మిర్చి ఉన్న మొగుడు ఏమంటాడు? తలూపాడు. రెండో మిర్చికి ఇంకోసారి ఊపాడు.

మిర్చీలు అరిగాక కేరం బోర్డు గుర్తొచ్చింది. ఇప్పుడు కాదంటే ఆమె మూతి ముడుస్తుంది. ఆ మూతి ముడవకుండా కాపాడటమే నలభై మూడు రోజులుగా అతని అసలు ఉద్యోగం! అందుకే నేరం గోడ మీదికి నెట్టాడు.

"సెల్లార్ మొత్తం చెమ్మ ఉన్నది సృజనా. నీ పట్టుబట్టలకు బూజు పడ్తది."

"గీ ఎండలల్లనా?"

"చెమ్మకు ఎండేంది, వానేంది?"

ఎండాకాలంలో గాలి పొడిబారితే సాంచా మీద పోగులు తెగుతాయి. అందుకని షెడ్డులో నీళ్లు చల్లుతారు. చిన్నప్పటి నుంచీ చల్లిన చెయ్యి జలపతిది. తెల్లారకముందే చెంబుతో దిగి గోడలన్నీ తడిపేశాడు.

సృజన వచ్చి గోడకు అరచెయ్యి ఆనించింది. వాసన చూసింది. మూడు గోడలకు మూడు ప్లాస్టిక్ కవర్లు పెట్టి అంచులు టేపుతో అతికించింది.

"రెండొద్దులు ఉండనీ. కవర్ మీద నీళ్లుంటే గాలిల తేమ. కవర్ ఎనుక ఉంటే గోడలకెల్లి ఊట."

జలపతికి కూర్చుంటే కుదురు లేదు, పడుకుంటే నిద్ర లేదు. మెట్లు ఎక్కాడు, దిగాడు, మళ్లీ ఎక్కాడు. చివరికి ఎవరూ లేనప్పుడు టేపులు ఊడదీసి, మూడు కవర్ల వెనకా నీళ్లు చల్లి, మళ్లీ అతికించి హాయిగా ఈల వేశాడు.

మూడో రోజు సృజన కవర్లు విప్పింది. వెనకంతా నీళ్లే.

"చూసినవా, ఊట!" అన్నాడు జలపతి, లోకంలోని దిగులంతా ముఖానికి పూసుకుని.

"గీ మూడో గోడ ఎనుక ఏమున్నది బావా?"

"ఏమున్నది... మెట్లు."

"మెట్ల మీద బాయి ఎవలు తవ్విండ్రు?"

జలపతి దగ్గాడు.

"భూమిలకెల్లి వచ్చే చెమ్మ కిందికెల్లి పైకి ఎక్కుతది. ఆరినకాడ తెల్లగ ఉప్పు పేరుస్తది. మా తల్లిగారింట్ల పదేండ్లు గోడల ఉప్పు దులిపిన. ఇది నీ ఛాతికాడ పుట్టి కిందికి జారుతున్నది!"

అప్పుడే దిగిన అత్తగారు రాజలక్ష్మి గోడను చూసి మురిసిపోయింది. "అబ్బ, మా జలపతి చెయ్యే బిడ్డా! ఒక్కకాడ ఎక్కువ లేదు, ఒక్కకాడ తక్కువ లేదు. గీ చల్లుడు సిరిసిల్లల ఇంకెవలకు రాదు!"

కన్నతల్లి పొగడ్త ఇంత ఘోరంగా ఉంటుందని జలపతికి అప్పుడే తెలిసింది.

మూతి ముడుస్తుందని అతను అనుకున్నాడు. సృజన మాత్రం పడీపడీ నవ్వింది. నవ్వుతూనే చేతికి పాత తువ్వాల ఇచ్చింది. శుక్రవారం లోపల గోడలన్నీ తుడిచి, ఫ్యాను పెట్టి ఆరబెట్టే పని అతనిదే.

శుక్రవారం ఫ్రేము వచ్చింది. ఆదివారం సతీశ్ వచ్చేసరికి సృజన పట్టుబట్టలతో సెల్లార్‌లోకి దిగుతోంది.

"వదినా, కింద బోర్డు ఎయ్యమంటవా?"

"కింద చెమ్మ ఉన్నదంట అన్నా, బోర్డు పాడైతది. మీ దోస్తునే అడుగు, గోడలన్నీ ఆయనే చూసిండు."

సతీశ్ తిరిగి చూశాడు. "నిజమేనారా?"

కాదంటే గోడలు తడిపిన కథంతా దోస్తుల ముందు విప్పుకోవాలి. జలపతి సృజన వైపు చూశాడు. ఆమె కనుబొమ్మ ఎగరేసింది.

"అవున్రా. మస్తు చెమ్మ."

"మరి వదిన పట్టుబట్టలకు ఏం గాదా?"

"పట్టుకు ఏం గాదురా. బూజు ఉట్టి కేరం బోర్డులకే పడ్తది."