పన్నెండును ఏడుతో హెచ్చవేస్తే

పొద్దున్నే కుక్కను డాక్టరుకు చూపించి, మధ్యాహ్నానికి ఆఫీసుకు వెళ్ళిపోవాలన్నది ఆ ఇంటి కోడలి ఆలోచన. పండుగాడి వెనక కాళ్ళు పట్టేశాయి. మెట్టు కనిపిస్తే చాలు, దిగులుగా నిలబడిపోతున్నాడు.

కుక్క కోసం సెలవంటే నవ్వుతారని, "ఇంట్లో పెద్ద ప్రాణం సార్, నడవలేకపోతున్నారు," అంది మేనేజరుతో ఫోనులో.

అది బీమా ఆఫీసు. తుమ్మినవాడినైనా ముందు వయసే అడుగుతారు. "ఎన్నేళ్ళు?" అన్నాడాయన.

పండుగాడికి పన్నెండేళ్ళు. పన్నెండంటే ఏ క్లాసంటాడు. కుక్కకు ఒక సంవత్సరమంటే మనిషికి ఏడని ఎక్కడో విన్నది గుర్తొచ్చి, గబగబా హెచ్చవేసింది. "ఎనభై నాలుగు సార్."

"అయ్యో, మీ మావగారా? అన్నం తింటున్నారా?"

కాదని చెప్పాల్సింది. "నిన్నటి నుంచి గిన్నె ముట్టలేదు సార్," అనేసింది.

డాక్టరు ఇంజెక్షను వేసి పంపాడు. ఆమె ఆఫీసుకు చేరేసరికి బల్ల మీద పళ్ళబుట్ట, పక్కన చక్రాల కుర్చీ.

"మా అత్తగారిది. ఖాళీగానే ఉంది," అంది టైపిస్టు. "సాయంత్రం అందరం వస్తున్నాం."

"వద్దండీ, కొత్తవాళ్ళంటే ఆయనకి పడదు."

"ఏం, కరుస్తారా?"

కోడలు తల వంచుకుంది. ఆ సిగ్గును వాళ్ళు దుఃఖమనుకున్నారు. టైపిస్టు వీపు నిమిరింది.

సాయంత్రం వీధి మలుపు నుంచి ఆమె ముందుగా ఇంట్లోకి పరిగెత్తింది. రిటైరైన డ్రిల్లు మాస్టారు, అరవై ఎనిమిదేళ్ళ మావగారు నిచ్చెనెక్కి ఫ్యాను తుడుస్తున్నారు.

"మావయ్యగారూ, దిగండి. మీకు ఎనభై నాలుగేళ్ళు. కాళ్ళు పడిపోయాయి."

"ఎవరన్నారు?"

"నేనే."

ఆయన ఆమె ముఖం చూశారు. గుమ్మంలో కుర్చీ చక్రాల చప్పుడు విన్నారు. నిచ్చెన దిగి, మంచం మీద వాలి మూలిగారు.

ఆ మూలుగుకు మేనేజరు కళ్ళు చెమర్చాయి. ఆయన చెప్పు నోట కరుచుకుని పండుగాడు ఇల్లంతా గంతులేశాడు. "కుక్కపిల్లకేం తెలుస్తుంది పాపం," అన్నాడు మేనేజరు. "మాది పార్కు పక్కిల్లే పెద్దాయనా. రోజూ పొద్దున్నే నేనే వచ్చి కుర్చీలో తిప్పుకొస్తా."

అందరూ వెళ్ళాక కోడలు మంచం పక్కన నిలబడి జరిగిందంతా చెప్పింది. "తప్పయిపోయింది మావయ్యగారూ. రేపు నిజం చెప్పేస్తాను."

"కుక్క కోసమని చెప్పలేనిదానివి, ఇదేం చెబుతావమ్మా?" అన్నారాయన, వాళ్ళు తెచ్చిన బుట్టలోంచి ఒక పండు తీసుకుంటూ. "పోనీలే. దుప్పటొకటి తీసిపెట్టు, పొద్దున పార్కులో చలిగా ఉంటుంది."

మర్నాడు మేనేజరు కుర్చీ తోస్తుంటే, మళ్ళీ పన్నెండేళ్ళవాడైన పండుగాడు ముందు పరిగెత్తాడు. ఎనభై నాలుగు మాత్రం మావగారి దగ్గరే ఉండిపోయింది.