నిమిషానికి పదమూడు బుడగలు

చెవుడుకు తెల్ల వైన్‌ను మించిన మందు లేదు. తాగితే కాదు, ఇంట్లో తయారుచేస్తే.

నవ్వకండి. నేను పరిశోధించి మరీ చెబుతున్నాను. పరిశోధన జరిగిన చోటు మా ఇంటి బేస్‌మెంట్. దొరికిన రోగి మా ఆయన ఒరెస్ట్. వయసు అరవై ఏడు. ముప్ఫై నాలుగేళ్లు గోధుమలను గిడ్డంగిలోకి ఎత్తిపోసే యంత్రాల పక్కన నిలబడి రిటైరైన మనిషి.

అసలు ఒరెస్ట్‌కు చెవుడే లేదు. ఈ సంగతి తనే చెప్పాడు. "నా చెవులకేమైంది? నువ్వే గొణుగుతావు మర్లీన్" అంటాడు. చెవులు పరీక్షించే ఆవిడ దగ్గర రెండుసార్లు అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. మొదటిసారి మంచు పడుతోందని వద్దన్నాడు. రెండోసారి మంచు పడటం లేదని వద్దన్నాడు. రోడ్డు అంత బాగున్న రోజును చెవుల కోసం పాడుచేసుకుంటామా అని.

కెనడాలోని మా సస్కాచువాన్‌లో రిటైరైన మగవాళ్లు పొద్దున్నే కేఫ్‌లో ఒకే బల్ల చుట్టూ చేరి, పంటల గురించి నిన్న చెప్పిందే మళ్లీ చెప్పుకుంటారు. ఈసారి కోతలయ్యాక ఒరెస్ట్ అక్కడికి వెళ్లడం మానేశాడు. "ఎప్పుడూ అవే మాటలు" అన్నాడు. ఫోన్ మోగితే నా చేతికిచ్చి, పనేదో గుర్తొచ్చినట్టు లేచి వెళ్లిపోవడం మొదలుపెట్టాడు. మోగుతోందని కూడా నేనే చెప్పాలనుకోండి.

క్రిస్మస్‌కు ఆడపడుచు హాల్యా అన్నగారికి తెల్ల వైన్ కిట్ బహుమతిగా ఇచ్చింది. ఒక పెట్టె. అందులో చిక్కటి ద్రాక్షరసం సంచీ, నంబర్లు వేసిన పొడుల పొట్లాలు, ఈస్ట్, రెండు వైపులా అచ్చు వేసిన సూచనల కాగితం. బకెట్టు, గొట్టాలు కూడా తన దగ్గరివే తెచ్చిచ్చింది. ఆరు వారాల్లో ముప్ఫై సీసాలు.

దాని మహిమలు వినండి.

మా వాషింగ్ మెషీన్‌కు ఒక పుస్తకం ఉంది. పదకొండేళ్లలో ఒరెస్ట్ దాన్ని తెరవలేదు. ఈ కాగితాన్ని మాత్రం రెండు రకాల కళ్లద్దాలు మార్చి చదివాడు, కొన్ని వాక్యాల కింద గీతలు కూడా గీశాడు. తాగిన కాఫీ కప్పు సింకు దాకా తేవడం ఎలాగో తెలియని మనిషి, బకెట్టును, గరిటెను, మూతను, గొట్టాన్ని మందునీళ్లతో కడిగి, తుడవకుండా ఆరబెట్టాడు. తుడిస్తే బట్టకున్న క్రిములు అంటుకుంటాయట. ఆ బట్టతోనే నేను రోజూ తన కంచం తుడుస్తాను. దానికి ఎన్నడూ అభ్యంతరం చెప్పలేదు.

ఇక వేడి సంగతి. బయట మైనస్ ముప్ఫై. మా ఇంట్లో వెచ్చదనాన్ని నిలిపే థర్మోస్టాట్ పద్దెనిమిది మీద ఉంటుంది. ఇరవై రెండు చెయ్యమని నేను ముప్ఫై ఆరు శీతకాలాలుగా అడుగుతున్నాను. "స్వెటర్ వేసుకో" అనేది నాకు వచ్చే జవాబు. రసంలో ఈస్ట్ వేసిన సోమవారం నాడే ఇల్లు ఇరవై రెండుకు చేరింది.

"అది చలికి తట్టుకోలేదు మర్లీన్. పని మానేస్తుంది" అన్నాడు.

నేనెందుకు పని మానేయలేదా అని ఆ రోజంతా ఆలోచించాను. కానీ వెచ్చగా ఉంది కాబట్టి కోపం నిలవలేదు. ఇంటింటా ఒక ఈస్ట్ పొట్లం ఉండాలనడానికి ఇంతకన్నా కారణం కావాలా?

ఇప్పుడు అసలు మహిమకు వద్దాం. బకెట్టు మూతకు ఒక ప్లాస్టిక్ వంపు గొట్టం ఉంటుంది. అందులో కాసిన్ని నీళ్లు. రసం పులుస్తున్నప్పుడు పుట్టే గాలి ఆ నీళ్లలోంచి బుడుక్కు, బుడుక్కు అంటూ బయటికి పోతుంది. వైన్ తయారవుతోందనడానికి అదే గుర్తు. మంగళవారం నుంచి ఒరెస్ట్ ఆ బకెట్టు పక్కన కుర్చీ వేసుకున్నాడు. చేతిలో గడియారం, బకెట్టు మీద అరచెయ్యి, మొహంలో ఏకాగ్రత.

"నిమిషానికి పదమూడు" అని కిందినుంచి ప్రకటించాడు.

బుధవారం కూడా పదమూడే. గురువారం వంటింట్లో సూప్ తాగుతూ చెంచా ఆపి, "విన్నావా? ఇక్కడిదాకా వినిపిస్తోంది" అన్నాడు. నాకేమీ వినిపించలేదు.

చూశారా, వైన్ కిట్ నాలుగు రోజుల్లో ఏం తేల్చిందో? కింద గదిలో బుడగ పేలితే పై గదిలో వినగల మనిషి చెవులకు పరీక్ష ఎందుకు? తప్పు నాదే. గొణుగుతున్నదీ నేనే, చెవులు పోయినదీ నాకే. శుక్రవారం స్నానాలగదిలో తలుపేసుకుని వాతావరణ వార్తలు గట్టిగా, విడమరిచి చదవడం సాధన చేశాను. పరీక్ష నాకే చేయించుకుందామని ఫోన్ నంబరు కూడా వెతికి పెట్టాను.

ఆదివారం హాల్యా భోజనానికి వచ్చింది. ఆమె ఇరవై ఏళ్లుగా వైన్ చేస్తోంది. కాబట్టి బంగాళదుంప కూరి మడిచిన పెరోగీలు ఉడికే లోపల బకెట్టును చూడాలంది. ముగ్గురం కిందికి దిగాం.

"విను" అన్నాడు ఒరెస్ట్, గర్వంగా. "పదమూడు. మొదటి నుంచీ ఒక్కటి తగ్గలేదు."

హాల్యా వంగి చెవి పెట్టింది. తర్వాత గొట్టంలోని నీళ్లను చూసింది. నీళ్లు కదలడం లేదు. మూత అంచు చుట్టూ వేలు పోనిచ్చింది. గోడ వైపున్న అంచు ఒకచోట బకెట్టుకు పట్టలేదు. కొత్తగా చేసేవాళ్లందరూ చేసే పొరపాటే. గాలి ఆ సందులోంచి హాయిగా పోతోంది. వైన్‌కు ఏ నష్టమూ లేదు. కానీ గొట్టంలో బుడగ రావడమన్నది జరగదు. సోమవారం నుంచీ ఒక్కటంటే ఒక్కటి కూడా వచ్చి ఉండదు.

ఆమె అరచేత్తో ఆ అంచును టప్పుమని నొక్కింది. ఒక క్షణం ఆగి, నీళ్లు లేచాయి. బుడుక్కు.

ఆ చప్పుడుకు నేను ఉలిక్కిపడ్డాను. ఒరెస్ట్ మొహం మాత్రం మారలేదు. ఇంకా అలాగే, ఏదో వింటున్నవాడిలా తలూపుతూ ఉన్నాడు.

హాల్యా నోరు ఊరుకునే నోరు కాదు. అన్నను ఆట పట్టించే అవకాశం డెబ్భై ఏళ్లు దగ్గరపడుతున్నా వదలదు. ఆ రోజు మాత్రం నా వైపు ఒకసారి చూసి, "వదినా, పెరోగీలు అంటుకుపోతాయేమో, నేను చూస్తాను" అని మెట్లెక్కింది.

ఒరెస్ట్ నన్నూ, మూతనూ, గొట్టంలో ఎగిరెగిరి పడుతున్న నీళ్లనూ చూశాడు.

"ఇది ఎన్నాళ్లనుంచి మోగట్లేదు?"

"మొదటి రోజు నుంచీ" అన్నాను, విడమరిచి.

బకెట్టు మీద మళ్లీ అరచెయ్యి ఆనించాడు.

"ముట్టుకుంటే వెచ్చగా ఉండేది" అన్నాడు. "పని చేస్తోందని తెలుస్తూనే ఉంది. పదమూడు ఉండాలని ఆ కాగితంలో రాశారు."

"మరి కాఫీకెందుకు వెళ్లడం లేదు?"

"వాళ్లు నవ్వినప్పుడు నేనూ నవ్వాలి కదా. ఎప్పుడు నవ్వాలో తెలియట్లేదు. ఇదైతే ఏమీ అడగదు."

తర్వాత నేల చూస్తూ, నోట్లో నోట్లోనే ఏదో అన్నాడు.

"ఏమిటీ?" అన్నాను.

"ఆ చెవులావిడకు ఫోన్ చెయ్యమన్నాను."

"నువ్వు గొణుగుతున్నావు ఒరెస్ట్. సరిగ్గా వినపడలేదు. ఇంకోసారి చెప్పు."

మూడుసార్లు చెప్పించాను. నేను మంచిదాన్నే, కానీ ముప్ఫై ఆరు శీతకాలాలు.

ఇప్పుడు తన రెండు చెవుల వెనక రెండు చిన్న మిషన్లు ఉన్నాయి. కేఫ్‌కు మళ్లీ వెళుతున్నాడు. అక్కడ నిజంగానే అవే మాటలట. అది చెప్పేటప్పుడు ఎంత సంతోషమో. వైన్ సీసాల్లోకి చేరింది. హాల్యా రెండో గ్లాసు అడిగింది కాబట్టి బాగానే ఉండి ఉండాలి. ఈస్ట్ పని అయిపోయిందని థర్మోస్టాట్ మళ్లీ పద్దెనిమిదికి దిగింది.

మొన్న పొయ్యి దగ్గర నిలబడి, నాలో నేను, ఈ ఇంట్లో ఈస్ట్ పొట్లానికి ఉన్న మర్యాద మనిషికి లేదు అనుకున్నాను.

"విన్నాను" అని ముందుగదిలోంచి వినిపించింది. కుర్చీ కిర్రుమంది. థర్మోస్టాట్ టిక్కుమంది. ఇరవై రెండు.

నాకు కళ్లు చెమర్చాయి. వెంటనే ఇంకో సంగతి తట్టింది. ముప్ఫై ఆరేళ్లుగా ఆ పొయ్యి దగ్గర నిలబడి, తన గురించీ, తన చెల్లెలి గురించీ నేను అనుకున్నవన్నీ ఇక ఎక్కడ అనుకోవాలి? ఎందుకంటే పాఠకులారా, మా ఆయన చెప్పింది అబద్ధం కాదు. నేను గొణుగుతాను. చాలా గొణుగుతాను.

అందుకే రెండో కిట్ నేనే కొన్నాను. రోజూ పొద్దున కిందికి వెళ్లి, తలుపేసి, కుర్చీలో కూర్చుని నాకు కావలసిన నాలుగు మాటలూ బకెట్టుకు చెప్పుకుంటాను. మూత చుట్టూ నొక్కి మరీ చూసుకున్నాను. బుడుక్కు అంటుంది. అంతకుమించి ఎవరికీ ఏమీ చెప్పదు.