అవతలి తరఫు పెళ్ళి

మండపేటలోని ముత్యాలపందిరి కల్యాణ మండపంలో పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ లేకుండా పెళ్ళిళ్ళు జరగడం మొదలై రెండేళ్ళు దాటింది, అందులో వింతేమీ లేదని ఊరంతా ఎప్పుడో ఒప్పుకుంది.

మొదటిది అనుకోకుండా జరిగింది. ఊరేగింపు కారులో ముందు సీటు ఎవరిదన్న విషయం మీద రెండు వైపులవాళ్ళకీ పొద్దున్నే మాటామాటా వచ్చింది. మగపెళ్ళివారు ముందు గేటులోంచీ, ఆడపెళ్ళివారు వెనక గేటులోంచీ వెళ్ళిపోయారు. వంటవాళ్ళకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. సన్నాయివాళ్ళకూ చెప్పలేదు. చుట్టాలు వచ్చారు, పన్నీరు చల్లించుకున్నారు, భోజనాలు చేశారు, చదివింపుల కవర్లు ఇచ్చి, పెళ్ళి దివ్యంగా జరిగిందని చెప్పి వెళ్ళారు. మండపం మేనేజరు కామేశ్వరరావు సాయంత్రం ఆ కవర్లన్నీ విప్పి చూస్తే ఖర్చులు పోను ఇంకా మిగిలింది. అలిగినవాడు లేడు, గదిలో వేడినీళ్ళు రాలేదని అరిచినవాడు లేడు. అంత ప్రశాంతమైన పెళ్ళి తన ఉద్యోగంలో చూడలేదని ఆయన అనుకున్నాడు. తర్వాతి మంచి ముహూర్తానికి మండపం ఆయనే బుక్ చేశాడు.

గేటు దగ్గర బోర్డు మీద ‘చి.’ అనీ, ‘చి.ల.సౌ.’ అనీ రాయించి, పేర్లుండాల్సిన చోట బంతిపూలు గుచ్చించేవాడు. పీటల మీద ఒకవైపు పట్టు కండువా, ఒకవైపు పసుపు చీర మడతపెట్టి ఉంచేవారు. పురోహితులు వాటికే మంత్రాలు చదివేవారు. ఎవరూ అడగలేదు.

వచ్చేవాళ్ళు ఎక్కువగా జంటలు. వాళ్ళకు ఊళ్ళో కూర్చునే చోటు లేదు. కాలవ గట్టు మీద బెంచీకి ఎప్పుడూ ఎవరో ఒకరి బాబాయి ఆనుకుని ఉంటాడు. సినిమాకు వెళితే టిక్కెట్టుకన్నా గుప్పెడు పాప్‌కార్న్‌కు ఎక్కువ అవుతుంది. ఐస్‌క్రీమ్ కొట్లో కప్పు ఖాళీ అవగానే గుడ్డ పట్టుకుని వచ్చి బల్ల తుడుస్తారు, తుడిచి కదలకుండా నిలబడతారు. పెళ్ళిలో అయితే ఏసీ ఉంటుంది, ఎర్ర రిబ్బను కట్టిన కుర్చీ ఉంటుంది, పక్కపక్కన కూర్చున్నా ఎవరూ ఏమీ అనరు. ఫొటోగ్రాఫరు అడక్కుండానే వచ్చి ఫొటో తీస్తాడు. తోచినంత కవర్లో పెట్టి ఇస్తే చాలు. ఎవరైనా మీరు ఎవరి తాలూకు అని అడిగితే ‘అవతలి తరఫు’ అనాలి. నేర్చుకోవలసింది అదొక్కటే.

లోవకుమారి, వీరభద్రం ముహూర్తం ఉన్న ప్రతి ఆదివారం అక్కడికే వచ్చేవారు. లోవ ఒక మేచింగ్ సెంటరులో చీరలకు ఫాల్స్ కుట్టేది. భద్రం మోటార్లకు వైండింగ్ చేసేవాడు. ఇద్దరూ వెనక నుంచి రెండో వరసలో కూర్చుని, ఏ పెద్దమ్మ ఏ పిన్నమ్మతో మాట్లాడటం మానేసిందో ఊహించుకుంటూ నవ్వుకునేవారు. భద్రం మధ్యమధ్యలో తల ఎత్తి ఫ్యాన్ల చప్పుడు వినేవాడు. లోవకు ఆ రెండు గంటలే వారమంతటికీ సరిపోయేవి. కానీ ఆ శ్రావణమాసంలో సరిపోవడం మానేశాయి.

"రిజిస్ట్రారు ఆఫీసులో చేసేసుకుంటామని మా అమ్మతో అన్నాను," అంది లోవ ఆ చివరి ఆదివారం, వెల్కమ్ డ్రింకు గ్లాసు చేతిలో పట్టుకుని.

"ఏవన్నారు?"

"నలుగురి ముందూ జరగని పెళ్ళి పెళ్ళే కాదంది. నలుగురికీ అన్నం పెట్టగలిగితేనే ఆ అబ్బాయి పేరు ఎత్తమంది. ఈ శ్రావణం దాటితే పెరవలి సంబంధానికి తాంబూలాలు పుచ్చేసుకుంటుందంట."

"నలుగురికే అయితే ఇవాళే పెట్టేద్దును," అన్నాడు భద్రం. "ఆ నలుగురూ మూడొందల మంది కదా. మా షాపులో ఉన్న మోటార్లన్నీ అమ్మినా పప్పులోకి రాదు."

శ్రావణంలో అదే ఆఖరి ముహూర్తం. పక్క కుర్చీల్లో ఉన్న జంటలో ఆవిడ ఇటు తిరిగి పలకరించింది.

"మీరు ఎవరి తరఫండి?"

"అవతలి తరఫండి. మీరో?"

"మేమూ అవతలి తరఫేనండి."

"అలాగైతే ఇవతల ఎవరున్నట్టండి?" అన్నాడు భద్రం.

"ఉంటార్లెండి," అన్నాడు ఆవిడ భర్త. "ఎవరూ లేకుండా గుత్తొంకాయ ఎలా వండుతారు?"

ఆ మాటలో న్యాయం ఉందని నలుగురూ ఒప్పుకున్నారు.

అదే సమయంలో కామేశ్వరరావుకు ఆఫీసు గదిలో చెమట పోస్తోంది. మండపంలో జరిగే ప్రతి పెళ్ళినీ మునిసిపాలిటీలో నమోదు చేయించాలన్నది రూలు, ఆయన ఏ రూలూ తప్పేవాడు కాదు. అందుచేత ‘చి.’ అనే అతనికీ, ‘చి.ల.సౌ.’ అనే ఆమెకూ లెక్కలేనన్ని వివాహ ధ్రువపత్రాలు జారీ అయ్యాయి. వాటి పుణ్యమా అని, ఎవరూ అడక్కుండానే వాళ్ళకు రేషను కార్డు వచ్చింది, ఓటు కూడా వచ్చింది. ఇన్నిసార్లు పెళ్ళి చేసుకున్న దంపతులను ఒకసారి కళ్ళారా చూడాలని కొత్తగా వచ్చిన మునిసిపల్ ఇన్‌స్పెక్టరు కబురుపెట్టి, ఆ ఆదివారం స్వయంగా వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. ఒకే మనిషి ఒకే భార్యను ఎన్నిసార్లు చేసుకున్నా అభ్యంతరం లేదని ఆయన ముందే రాసి పంపాడు. మనుషులు మాత్రం ఉండాలన్నాడు. లేకపోతే మండపానికి తాళం వేయాల్సి వస్తుందన్నాడు.

కామేశ్వరరావు వరసల మధ్య వంగి వంగి నడుస్తూ అందరినీ మెల్లగా అడిగాడు.

"ఒక్క గంట పీటల మీద కూర్చోవాలండి. భోజనాలు లేటవ్వవు, నాదీ పూచీ."

"మేం అవతలి తరఫండి," అన్నారు మొదటి జంట. "అయ్యో, మేమూ అంతేనండి," అన్నారు రెండోవాళ్ళు. గుత్తొంకాయ సంగతి చెప్పిన ఆయన కొంచెం నొచ్చుకున్నాడు కూడా. పెళ్ళికి పిలిచి పెళ్ళి చేసుకోమనడం మర్యాద కాదన్నాడు.

లోవ గ్లాసు కుర్చీ కింద పెట్టి లేచింది.

"ఎక్కడికి?" అన్నాడు భద్రం.

"నలుగురి ముందూ జరగాలంది కదా. ఇంతకన్నా ఎక్కువమంది మనకు జన్మలో దొరకరు. అన్నం కూడా వాళ్ళే వండించారు."

భద్రం గోళ్ళ సందుల్లోని వైండింగ్ వార్నిష్ చూసుకున్నాడు. రెండు చేతులూ లుంగీకి తుడుచుకోబోయి, ఆ రోజు ప్యాంటు వేసుకున్నానని గుర్తొచ్చి ఊరుకుని, ఆమె వెనకే నడిచాడు.

కండువా, చీర పీటల మీదే, తాళి పళ్ళెంలో సిద్ధంగా ఉన్నాయి. పురోహితులకు మాత్రం కొంచెం ఇబ్బందైంది. చాలాకాలంగా బట్టలకు చదవడం అలవాటై, మనుషులు ఎదురుగా ఉంటే ఆయనకు సిగ్గేసింది. గొంతు సవరించుకుని అడిగారు.

"కన్యాదానం ఎవరు చేస్తారమ్మా? దంపతులు కావాలి."

"మా అమ్మ ఇంటి దగ్గరుందండి. నాన్నగారు లేరు," అంది లోవ. అంటూ హాలు వైపు చూసి ఆగిపోయింది.

మూడో వరసలో ఆమె తల్లి సూరమ్మ కూర్చుని ఉంది. ఆదివారాలు భజనకు వెళ్ళే సూరమ్మ. గంధం రంగు చీర కట్టుకుని, తల్లో చిన్న చేమంతి పెట్టుకుని ఉంది. పక్కన రిటైరైన బస్సు కండక్టరు అప్పలస్వామి, ఆవిడ పర్సు ఒళ్ళో పెట్టుకుని కాపలా కాస్తున్నాడు.

సూరమ్మ తప్పించుకునే వీలు లేదని చూసి మెల్లగా లేచింది. అప్పలస్వామి ఆవిడకు దారి ఇస్తూ అలవాటు కొద్దీ, "ముందుకి జరగాలమ్మా, ముందంతా ఖాళీయే," అన్నాడు. అని, తానూ వెనకే వచ్చాడు.

"భజనన్నావు?" అంది లోవ తల్లి చెవిలో.

"నువ్వు ఓవర్‌టైమన్నావు," అంది సూరమ్మ. తర్వాత భద్రాన్ని పైనుంచి కిందికి ఒకసారి చూసింది. "వార్నిష్ కడుక్కోడా ఈ అబ్బాయి?"

"మీరు ఎవరి తరఫండి?" అని పురోహితులు పద్ధతి ప్రకారం అడిగారు.

"ఇందాకటిదాకా అవతలి తరఫేనండి," అంది సూరమ్మ. "ఇంక ఇవతల రాసుకోండి."

భర్త పోయిన మనిషి పీటల మీద కూర్చోవచ్చా అని ఎవరో అడుగుతారని ఆవిడ ఒక క్షణం కళ్ళు మూసుకుంది. ఎవరూ అడగలేదు. చూసేవాళ్ళకు ఆవిడా అప్పలస్వామీ దంపతుల్లాగే ఉన్నారు, ఆ మండపంలో అంతకుమించిన రుజువు ఎప్పుడూ అవసరం పడలేదు.

జీలకర్రా బెల్లం పెట్టేటప్పుడు లోవ హాలు మొత్తాన్ని మొదటిసారి ఎదురు నుంచి చూసింది. ఒక్కరూ ఇటు చూడటం లేదు. కొందరు ఒకరి చెవిలో ఒకరు మాట్లాడుకుంటున్నారు, కొందరు ఫోన్లలో ఉన్నారు, చాలామంది భోజనాల గది తలుపు వైపు చూస్తున్నారు. ఇన్నాళ్ళూ తను కూడా అలాగే కూర్చున్నానని ఆమెకు గుర్తొచ్చింది. బాధేమీ కలగలేదు. పురోహితులు, మేనేజరు, ఇన్‌స్పెక్టరు, అప్పలస్వామి మాత్రం కళ్ళార్పకుండా చూస్తున్నారు. సూరమ్మ వాళ్ళను వేలితో లెక్కపెట్టుకుని తృప్తిగా తల ఊపింది.

తాళి కట్టగానే అక్షింతలు పడ్డాయి. వెనకాల ఎవరో సాంబారు అందలేదని గొడవ పెట్టుకున్నారు. ఒకాయన అలిగి చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళి, ఎవరూ పిలవకపోవడంతో తిరిగి వచ్చాడు. అప్పుడుగానీ లోవకు తన పెళ్ళి నిజంగా జరిగిందన్న నమ్మకం కుదరలేదు.

ఇన్‌స్పెక్టరు పాత పత్రాలన్నిటిలోనూ ‘చి.’ పక్కన వీరభద్రం అనీ, ‘చి.ల.సౌ.’ పక్కన లోవకుమారి అనీ రాయించి ఫైలు మూసేశాడు. కామేశ్వరరావు ఆ పేర్లు థర్మోకోల్‌తో కోయించి బోర్డు మీద అతికించాడు. అతికించాక తీయాల్సిన అవసరం కనిపించలేదు. భార్యనే మళ్ళీ చేసుకోవడం నేరం కాదని రాతపూర్వకంగా ఉంది కదా. కార్తీకం నుంచి ముహూర్తం ఉన్న ప్రతిసారీ ముత్యాలపందిరిలో వాళ్ళిద్దరి పెళ్ళే జరుగుతోంది. పీటల మీద కండువా, చీర యథాప్రకారం ఉంటాయి.

కొత్త కాపురం, ఒక గది ఇల్లు, ఎక్కడికైనా వెళ్ళాలంటే ఖర్చు. అందుకని ఆదివారాలు భార్యాభర్తలిద్దరూ అక్కడికే వస్తారు. నాలుగు వరసల ముందు సూరమ్మా అప్పలస్వామీ కూర్చుంటారు, ఎవరూ ఎవరినీ పలకరించుకోరు. గేటు దగ్గర లోవ తన పేరు కింద నిలబడి పన్నీరు చల్లించుకుంటుంది. చల్లే అమ్మాయి ఎవరి తరఫని అడిగితే, తడుముకోకుండా అవతలి తరఫంటుంది.

మొన్న మాఘమాసంలో భోజనాలయ్యాక ఇద్దరూ కిళ్ళీ నములుతూ నడిచి వస్తుంటే, లోవ అంది.

"ఏవండీ, ఈసారి పాయసం మరీ నీళ్ళలా లేదూ?"

"ఉంది," అన్నాడు భద్రం. "ఫ్యాన్లు కూడా సరిగ్గా తిరగలేదు."

"ఆడపెళ్ళివారికి బొత్తిగా శ్రద్ధ లేదు," అంది లోవ.