రిహార్సల్‌లో పోయిన పాస్‌వర్డ్

పదకొండు గంటలకల్లా కొత్త వెర్షన్ ఎక్కించేసి, పన్నెండింటికి ఉద్యోగం ఖాయమైన కాగితం పుచ్చుకుని, ఒంటిగంటకు నింపాదిగా భోంచేయాలని ఆ రోజు బావగారి పథకం. పాత విభాగం మూతపడ్డాక నెల రోజుల పరీక్ష మీద ఇక్కడ చేరారాయన. మేనేజరు స్వయానా ఆయన భార్య తమ్ముడు. ఇంట్లో "ఒరేయ్", ఆఫీసులో "సార్". ఈ పని బెడిసికొడితే ఉద్యోగం ఊడుతుంది.

ఆ ఆఫీసు నలభై లాండ్రీ షాపుల ఆర్డర్లు నడుపుతుంది. ప్రోగ్రాములన్నీ సర్వర్‌లో కంటైనర్లుగా, అంటే ఒక్కోటి ఒక్కో డబ్బాలో సర్దినట్టు ఉంటాయి. వాటిని ఎక్కించడానికి ఒక టెంప్లేట్ ఉంటుంది, ఖాళీలు నింపాల్సిన దరఖాస్తు లాంటిది. ఇదివరకు ఆర్డర్ల లెక్కలన్నీ దాచే డేటాబేస్ పాస్‌వర్డ్‌ను మనుషులే అందులో నింపేవారు. బావగారు బుర్ర పెట్టి, టెంప్లేటే వెళ్లి సర్వర్‌ను అడిగి తెచ్చుకునేలా రాశారు. ఉంటే ఉన్నదే తెస్తుంది, లేకపోతే కొత్తది పుట్టిస్తుంది.

ఎందుకైనా మంచిదని ముందు రిహార్సల్ చేశారు, అంటే నిజంగా ఎక్కించకుండా, ఎక్కిస్తే ఏం వస్తుందో తెర మీద చూడటం. తెర మీద ఎన్నడూ చూడని పాస్‌వర్డ్ ప్రత్యక్షమైంది. అంటే సర్వర్‌లో పాతది లేదు! మళ్లీ చేశారు. ఇంకొకటి వచ్చింది. మూడోసారి మరొకటి.

"ఒరేయ్ సార్!" అంటూ మేనేజరు గదిలోకి పరుగెత్తారు. "మన పాస్‌వర్డ్ ఎవడో మార్చేస్తున్నాడు! నిమిషానికొకటి!"

"ఏదీ, నా ముందు చేయండి."

చేశారు. మళ్లీ కొత్తదే. మేనేజరు కుర్చీలోంచి లేచాడు.

"అమ్మ బాబోయ్! వాడు ఇప్పుడు లోపలే ఉన్నాడు బావగారూ!"

"మనల్ని చూస్తున్నాడంటావా?"

"చూడ్డమేంటి, మీరు మీట నొక్కగానే మారుస్తున్నాడు! ఎంత పొగరో!"

వెంటనే ఆఫీసు తలుపులు మూయించారు. మెట్ల దగ్గర వాచ్‌మన్‌ను నిలబెట్టారు. షాపులన్నిటికీ ఫోన్లు చేసి ఆర్డర్లు ఆపేయమన్నారు.

"ఆపేయమంటే ఎలాగండీ?" అన్నాడు ఒక షాపాయన. "ఇక్కడొకాయన ఇంటర్వ్యూకి వెళ్లాల్సిన ప్యాంటు కోసం కూర్చున్నాడు. ఏ మిషన్లో ఉందో మీ స్క్రీన్ చెప్పాలి!"

"ప్యాంటు గొడవ తర్వాత!" అని మేనేజరు ఫోన్ పెట్టేశాడు. "ఇక లాభం లేదు. అసలు పాస్‌వర్డే లేకపోతే వాడేం చేస్తాడు?" అంటూ సర్వర్‌లో ఉన్నదాన్ని తన చేత్తోనే తీసిపారేసి, ప్రోగ్రాములన్నీ ఆపి మళ్లీ మొదలుపెట్టాడు. తెర మీద ఆకుపచ్చ చుక్కలు వరసగా ఎర్రబడ్డాయి. నలభై షాపుల్లోనూ స్క్రీన్లు ఆరిపోయాయి.

సరిగ్గా అప్పుడే పంటి డాక్టరు దగ్గరికి వెళ్లిన, డేటాబేస్ చూసుకునే మేడమ్ తిరిగొచ్చి తలుపు బాదింది. సంగతంతా విని, వాచిన బుగ్గ మీద చెయ్యి వేసుకుని చెప్పింది.

"రిహార్సల్‌లో టెంప్లేట్ సర్వర్‌ని అడగదండీ. అసలెవర్నీ అడగదు. లేదనుకుని ఎప్పటికప్పుడు కొత్తది రాసి చూపిస్తుంది, అంతే. పాతది సర్వర్‌లో భద్రంగా ఉంటుంది. చూశారా లేదా?"

బావగారు మేనేజరు వైపు చూశారు. మేనేజరు తన చూపుడు వేలి వైపు చూసుకున్నాడు.

"చూశాను," అన్నాడు నీరసంగా. "చూసే తీసేశాను."

మేడమ్ పంటినొప్పి మర్చిపోయి నోరు తెరిచేసింది.

పొద్దుట తీసిపెట్టిన కాపీ నుంచి ఆమె పాస్‌వర్డ్‌ను వెనక్కి తెచ్చేసరికి గంట పట్టింది. తర్వాత బావగారి టెంప్లేట్‌ను ఈసారి నిజంగానే ఎక్కించింది. అది బుద్ధిగా సర్వర్‌ను అడిగి, పాతదాన్నే తెచ్చుకుని, కిక్కురుమనకుండా పని మొదలుపెట్టింది. ఇంటర్వ్యూ ఆయన తడి ప్యాంటుతోనే వెళ్లిపోయాడట.

మేనేజరు గది తలుపు దగ్గరగా వేశాడు. "బావగారూ, పాస్‌వర్డ్ తీసేసింది ఎవరో పైవాళ్లకి చెప్పక్కర్లేదుగా?"

"నేనెందుకు చెప్తాను సార్!"

"మా అక్కకి?"

బావగారు బల్ల మీద ఇంకా సంతకం కాని తన కాగితం వైపు ప్రేమగా చూశారు. మేనేజరు పెన్ను తీశాడు.

సాయంత్రం ఆ కాగితం చూసి భార్య పొంగిపోయింది. "చూశారా! ఇదంతా మా తమ్ముడి చలవే!"

"అక్షరాలా," అన్నారు బావగారు.

పెళ్లయిన ఇరవై ఏళ్లలో తమ్ముడి విషయంలో ఆయన ఆమెతో ఏకీభవించడం అదే మొదటిసారి.