ఆరుబయట రెండు గంటలు

ఈ ఏటి ‘ఉత్తమ ప్రకృతి కుటుంబం’ పురస్కారానికి మా కాలనీ సంక్షేమ సంఘం పదిహేడో నంబరు ఇంటివారిని ఏకగ్రీవంగా ఎంపిక చేసిందని తెలియజేయడానికి, కార్యదర్శిగా మిక్కిలి సంతోషిస్తున్నాను. పోటీలో ఇంకెవరూ లేరు కాబట్టి పక్షపాతం అనే మాటకు తావు లేదు.

ఆ ఇంట్లో ముగ్గురు. భర్త లిఫ్టులు తనిఖీ చేసే ఇంజనీరు. భార్య ఆసుపత్రి మందుల కౌంటర్లో ఫార్మసిస్టు. వీళ్ళకో నాలుగేళ్ళ పాప, పాపకో దగ్గు. ఇంత మంచి కుటుంబం మా కాలనీకి దక్కడం ఆ దగ్గు పుణ్యమే.

అప్పట్లో వీళ్ళు నగరం నడిబొడ్డున ఓ సందులో, నాలుగో అంతస్తులో ఉండేవారు. పాపను పిల్లల డాక్టరుకు చూపించారు. ఆయన ఛాతీ విని, గొంతు చూసి, కలం జేబులో పెట్టేసుకున్నాడు.

“మందులేం వద్దమ్మా. రోజూ ఓ రెండు గంటలు ఆరుబయట ఆడుకోనివ్వండి. అదే తగ్గిపోతుంది.”

భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చదువుకున్నవాళ్ళు కదా, అంత తేలికైన వైద్యం మీద నమ్మకం కుదరలేదు. రోడ్డు దాటితే వాళ్ళ ఇంటి ఎదురుగానే ఓ పార్కు ఉంది. కాస్త ఇసుక, రెండు ఉయ్యాలలు, అడ్డదిడ్డంగా పెరిగిన గడ్డి. కానీ అందులోకి ఎవరైనా వెళ్ళొచ్చు. ఎవరైనా వెళ్ళే చోట ఆరోగ్యం ఎలా దొరుకుతుంది? పెరటి చెట్టు మందుకు పనికిరాదని పెద్దలు ఊరికే అన్నారా?

అందుకని ఉన్న ఫ్లాటు అమ్మేసి, నగరానికి ముప్ఫై ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఉన్న మా కాలనీలో ఇల్లు కొన్నారు. మా కరపత్రం మీద ఓ పసిపాప ఉత్తకాళ్ళతో పచ్చగడ్డిలో పరిగెడుతూ ఉంటుంది. ఆ పాపనూ ఆ గడ్డినీ వేరే ఎక్కడో ఫొటో తీశారని దాచకుండా చెప్పేస్తున్నాను.

సామాన్లు దించిన రోజు భర్త వాకిట్లో నిలబడి గుండెల నిండా గాలి పీల్చాడు. “హమ్మయ్య! గాలంటే ఇదీ!” అన్నాడు. “పాప కోసం ఎంత చేసినా తక్కువే” అంది భార్య. “ఉయ్యాల ఏదీ?” అని అడిగింది పాప. “రేపు చూద్దాం తల్లీ” అన్నారు ఇద్దరూ.

మర్నాడు ఓ చిన్న విషయం తేలింది. ఇద్దరి ఉద్యోగాలూ నగరంలోనే ఉండిపోయాయి. పాపను చూసుకోవడానికి ఇంట్లో ఎవరూ లేరు. మా కాలనీలో డేకేర్ ‘త్వరలో’ వస్తుంది. ఆరేళ్ళుగా త్వరలోనే వస్తోంది. చివరికి వెతగ్గా వెతగ్గా మంచి డేకేర్ ఒకటి దొరికింది. అదృష్టం చూడండి, అది వీళ్ళు ఖాళీ చేసి వచ్చిన సందులోనే ఉంది. దాని కిటికీలోంచి చూస్తే ఎదురుగా ఆ పాత పార్కే.

ఇప్పుడు దినచర్య ఎంతో క్రమబద్ధంగా సాగుతోంది. పొద్దున్నే పాపను నిద్రలోనే ఎత్తి కారులో పడుకోబెడతారు. వెళ్ళడానికి గంటన్నర, రావడానికి రెండు గంటలు. దారంతా లారీల దుమ్ము కాబట్టి కారు అద్దాలు దించరు. డాక్టరు రెండు గంటలు ఇంటి బయట ఉంచమంటే వీళ్ళు మూడున్నర గంటలు ఉంచుతున్నారు. ఇంతటి శ్రద్ధ ఏ తల్లిదండ్రులకు ఉంటుంది?

డేకేర్‌లో క్రమశిక్షణ గట్టిది. బయటికి వెళ్ళాలనుకున్న పిల్లలు నోరెత్తకుండా చెయ్యెత్తాలి. ఆయమ్మ చూస్తే తలుపు తీస్తుంది. అది కూడా స్నానాలగది దాకానే. ఈ పాప కిటికీ దగ్గర కూర్చుని చాలాసేపు చెయ్యెత్తి ఉంచుతుందని, ఓపికలో దాన్ని మించినవాళ్ళు లేరని ఆయమ్మ మెచ్చుకుంది. కిటికీ అవతల ఉయ్యాల మీద ఓ పిల్లాడు ఊగుతుంటాడు. వీళ్ళ ఫ్లాటు కొన్నవాళ్ళ అబ్బాయి. వాళ్ళు పిల్లాడి కోసమని ఊరి చివర నుంచి నగరంలోకి వచ్చేశారట.

ఇక్కడి స్వచ్ఛమైన గాలి ఏమవుతోందని మీకు అనుమానం రావచ్చు. దాన్ని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా సోఫా పీలుస్తోంది. రోజూ పదకొండింటికి వీళ్ళ గోడ మీద ఓ కొంగ వాలుతుంది. మా వాచ్‌మన్ దాని ఫొటో పంపుతాడు. భర్త ఏదో ఒక లిఫ్టు గోతిలో నిలబడి, “మా పాప వీటి మధ్యే పెరుగుతోంది” అని తోటివాళ్ళకు చూపిస్తాడు.

ఆదివారం ఉంది కదా అంటారా? ఉంది. మా కాలనీ పార్కులో ఖరీదైన గడ్డి ఉంది, ‘గడ్డిపై నడవరాదు’ అన్న బోర్డూ ఉంది. ఉయ్యాల కిర్రుమంటే నివాసుల ప్రశాంతతకు భంగం కాబట్టి దాన్ని గొలుసుతో కట్టి ఉంచాం. మొదటి ఆదివారమే పాప చెంచాతో గడ్డి అంచున జానెడు గుంట తవ్వింది. నేనే స్వయంగా నోటీసు ఇచ్చాను. తండ్రి క్షమాపణ పత్రం రాసి, పాప చేత వేలిముద్ర వేయించాడు. వేలికి మట్టి ఉండటం వల్ల సిరా అవసరం రాలేదు. అప్పటినుంచి ఆదివారాలు పాపను నగరంలోని ఓ మాల్‌కు తీసుకెళ్తున్నారు. అక్కడ ప్లాస్టిక్ గడ్డి మీద పరిగెత్తనిస్తారు.

దగ్గు ఎక్కువైంది. మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళారు.

“ఆరుబయట ఆడిస్తున్నారా?”

“అదేంటి డాక్టరుగారూ! దానికోసమే కదా నగరం వదిలేసి వెళ్ళిపోయాం!” అని భర్త కాలనీ విశేషాలన్నీ వర్ణించి చెప్పాడు.

డాక్టరు తలుపు వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించి, “అక్కడ ఇంకా ప్లాట్లు ఉన్నాయా? మా మనవడికీ కాస్త దగ్గుంది” అన్నాడు.

ఇక పురస్కార సభ. మా అధ్యక్షులు రోడ్ల శాఖలో పని చేసి రిటైరయ్యారు. ఆయన కొట్టించిన చెట్లు ఇన్నని లెక్కలేదు కాబట్టి ప్రకృతి గురించి సాధికారంగా మాట్లాడగలరు. “సోదర సోదరీమణులారా! మనం ఏం చేసినా పిల్లల కోసం! ఎండనక, ట్రాఫిక్కనక, ఏం చేసినా పిల్లల కోసమే!” అని ముప్పావుగంట మాట్లాడి, పాపను వేదిక మీదికి పిలిపించి మైకు అందించారు.

“పాపా, మన కాలనీలో నీకు బాగా నచ్చింది ఏంటమ్మా?”

ముందు దగ్గు వినిపించింది. నాలుగు స్పీకర్లలోంచి నాలుగు వైపులా వినిపించింది. తర్వాత, “గేటు” అంది.

“గేటా! ఎందుకమ్మా?”

“అది తీస్తే మా పార్కుకి వెళ్ళొచ్చు.”

తల్లి మొహం పాలిపోయింది. భర్త వైపు తిరిగింది. అతను జ్ఞాపికను ఏ కోణంలో పట్టుకుంటే ఫొటోలో బాగా పడుతుందో చూసుకుంటున్నాడు. అధ్యక్షులు ఆలస్యం చేయలేదు. “చూశారా! మన గేటు విలువ ఈ పసిబిడ్డకు కూడా తెలుసు!” అన్నారు. చప్పట్లు మోగిపోయాయి. అందరికన్నా కాస్త ఆలస్యంగా తల్లి కూడా కొట్టింది.

వెంటనే రెండు తీర్మానాలు ప్రవేశపెట్టాం. ఒకటి, రెండో గేటు నిర్మాణం. రెండు, ఇకమీదట పిల్లలను ఏ విషయంలోనూ అభిప్రాయం అడగరాదు. అంతా వాళ్ళ కోసమే చేస్తున్నప్పుడు మళ్ళీ వాళ్ళను అడగడం దేనికి?

అనుకూలురు చేతులెత్తవలసిందిగా కోరాను. సభలో ఒక్క చెయ్యి కూడా కింద లేదు. వెనక వరుసలో ఫోను చూసుకుంటూనే మీరూ ఎత్తారు, వేదిక మీంచి నేను చూశాను. వేదిక దిగి ముందు వరుసలో కూర్చున్న పాప కూడా ఎత్తింది. డేకేర్ కిటికీ దగ్గర ఎత్తినట్టే, నోరెత్తకుండా, చాలాసేపు దించకుండా ఎత్తి ఉంచింది. ఆ చేతిని కూడా తీర్మానానికి అనుకూలంగానే లెక్కవేశాం.