ఫోకస్ బాబాయ్‌కేసి చూసిన నవ్వు

ఒకే ఒక్క నవ్వు మీద ఇరవై రెండేళ్లు కాపురం లాక్కొచ్చిన మగాణ్ని ఎక్కడైనా చూశారా? చూడకపోతే మా ఫోకస్ బాబాయ్‌ని చూడాలి.

ఊళ్లో నాటకాల హాలు ఉంది. దాని బాల్కనీలో చిట్టచివర ఇనప స్టాండు మీద ఫోకస్ లైటు, దాని వెనక స్టూలు మీద బాబాయ్. స్టేజీ మీద మనిషి ఎటు కదిలితే అటు ఆ వెలుగు గుండ్రాన్ని తిప్పడం ఆయన ఉద్యోగం. "నేను మీట నొక్కకపోతే ఎంతటి నర్తకైనా ఒకటే, చీకట్లో కుర్చీ అయినా ఒకటే" అంటూ ఛాతీ విరుచుకుంటాడు.

ఇక ఆ నవ్వు సంగతి. అది ఆయన చెప్పని మనిషి ఊళ్లో లేడు. కొందరికి రెండేసిసార్లు కూడా చెప్పాడు. అప్పట్లో ఇదే స్టేజీ మీద, రెండో వరసలో మూడో అమ్మాయి, లైటు మీద పడగానే గడ్డం ఎత్తి నేరుగా బాల్కనీకేసి చూసి నవ్విందట. మూడు వందల మంది కూర్చున్న హాల్లో తననే ఏరుకుని నవ్విందట. ఆ అమ్మాయే మా పిన్ని.

పెళ్లయిన మర్నాడే ఆవిడ ఇంక నాట్యం పేరెత్తకుండా చేశాడు. "నన్ను చూసి నవ్విన మనిషి, రేపు ఇంకో ఊళ్లో ఇంకో లైటువాణ్ని చూసి నవ్వితే నా పరువేం కావాలి?" అన్నాడు. పిన్ని అదే హాల్లో దుస్తుల గదిలో ఊడిన హుక్కులు కుట్టే పని చూసుకుంది.

మొన్నామధ్య ఆ హాలుకి ఒక బృందం వచ్చింది. ఆసియాలో అయిదారు దేశాల ఆడవాళ్లు, మూడు ఆటలు. ఒకామె తల మీద వెలిగించిన దీపాలు పెట్టుకుని కూర్చుని లేస్తే ఒక్క వత్తి వణకలేదు. ఇంకొకామె వేళ్లు వెనక్కి వంచితే, ముందు వరసలో ఉన్న డాక్టరు గారు తన వేళ్లు తడుముకున్నాడు. వాళ్లందర్నీ మించింది విసనకర్రల ఆవిడ. రెండు చేతుల్లో రెండు పట్టు విసనకర్రలు. తెరిస్తే కొంగ లేచినట్టుండేది, మూస్తే వాలినట్టుండేది. హాల్లో దగ్గొచ్చినవాళ్లు కూడా మింగేశారు.

మొదటి ఆట అయ్యాక బాబాయ్ ఇంటికి నడిచి రాలేదు, తేలి వచ్చాడు.

"ఏమోయ్, ఇవాళ ఆవిడ నన్ను చూసి నవ్వింది."

"ఎవరండీ?"

"విసనకర్రల ఆవిడ. ఒకసారి కాదు, నాలుగుసార్లు!"

"విసనకర్ర నాలుగుసార్లే తెరుస్తుంది లెండి."

"నీకు కుళ్లు. అలాంటి నవ్వు నేను నీ తర్వాత మళ్లీ చూళ్లేదు, తెలుసా?"

పిన్ని సూదిలో దారం ఎక్కిస్తూ, "ఆవిడ బొటనవేలు చూశారా?" అంది.

"వేలా?"

"గోరు ఊడిపోయింది. గుడ్డ చుట్టుకుని ఆడుతోంది. పొద్దున వేడినీళ్లలో కాలు పెట్టుకుని కూర్చుంటే నేనే కట్టు కట్టాను. భాష రాదుగా, నా చెయ్యి పట్టుకుని అలా కూర్చుంది పాపం. ఆ మణికట్టు తిప్పడం ఉంది చూడండి, అది చిన్నప్పట్నుంచి చేస్తే తప్ప రాదు." అంటూ సూది పట్టుకున్న చేత్తోనే గాల్లో అలా తిప్పింది. సూది మెరిసింది. బాబాయ్ చూడలేదు. గోడకున్న అద్దంలో మీసం చూసుకుంటున్నాడు.

రెండో ఆటకి కూడా నాలుగు నవ్వులూ వచ్చాయి. దాంతో ఆయన బుర్ర పాదరసంలా పరిగెత్తింది. ఆఖరి ఆట మర్నాడు మధ్యాహ్నం. అది అవగానే నర్తకులంతా హాలువాళ్లకి వీడ్కోలు చెబుతారు. ఆ సమయంలో పెళ్లాం పక్కనుంటే రెండు మాటలెలా ఆడటం?

"మీ అక్కయ్య కాలు బెణికిందట. కబురొచ్చింది. రెండ్రోజులుండి రా."

"ఏ కాలు?"

ఈ ప్రశ్నకి ఆయన సిద్ధంగా లేడు. "రెండూ" అనేశాడు.

పిన్ని ఆయన్ని ఒక నిమిషం చూసి, సంచీ సర్దుకుని రాత్రి బస్సెక్కింది.

ఇంక చూడండి! మీసానికి నల్లరంగు పూశాడు, అది ముక్కు కింద నుంచి పై పెదవి దాకా పాకింది. చొక్కాకి పెట్టిన ఇస్త్రీ గీత మీద ఈగ వాలితే రెండు ముక్కలవ్వాలి. కొట్టుకున్న సెంటుకి బాల్కనీలో రెండు వరసలు తుమ్ముకుంటూ లేచి కిందికి పోయాయి. అసలు ఎత్తు వేరే ఉంది. చీకట్లో కూర్చునే మనిషి మొహం ఆవిడకి సరిగ్గా కనపడాలంటే, దాని మీదా కాస్త వెలుగుండాలిగా? ఇంట్లోని టేబుల్ లైటు చంకలో పెట్టుకెళ్లి, స్టూలు పక్కన తన మొహానికి గురిపెట్టి కట్టుకున్నాడు.

ఆట మొదలైంది. విసనకర్రల ఆవిడ వచ్చింది. మొదటి విసనకర్ర తెరిచి, గడ్డం ఎత్తి బాల్కనీకేసి నవ్వింది. బాబాయ్ టక్కున టేబుల్ లైటు వేసుకుని, ఎడంచేయి ఊపాడు.

అంతే. ఆయనకి హాలు మాయమైపోయింది. స్టేజీ లేదు, విసనకర్ర లేదు, మనుషుల్లేరు. కళ్ల ముందు తెల్లటి మంట ఒక్కటే. ఆ గుడ్డితనంలో కుడిచేతిలో ఉన్న ఫోకస్ లైటు ఎటు పోతోందో తెలీకుండా తిప్పేశాడు.

కింద నుంచి మేనేజరు కేక. "ఒరేయ్ లైటూ! ఎక్కడ కొడుతున్నావురా?"

తడుముకుని టేబుల్ లైటు ఆర్పి కళ్లు నులుముకుని చూశాడు. వెలుగు గుండ్రం స్టేజీ మధ్యలో లేదు. పక్క తెర అంచున ఉంది. అందులో, అక్కయ్య ఊళ్లో ఉండాల్సిన పిన్ని ఉంది. మణికట్టుకి గుండుసూదుల దిండు, పళ్ల మధ్య సూది, చేతిలో ఎవరిదో ఊడిన జాకెట్టు హుక్కు.

లైటు పడగానే పిన్ని బిగుసుకుపోయిందనుకుంటున్నారా? లేదు. నడుం నిటారుగా లేచింది. గడ్డం ఎత్తింది. నేరుగా బాల్కనీకేసి చూసి, పళ్ల మధ్య సూదితోనే నవ్వింది. విసనకర్రల ఆవిడ నవ్విన నవ్వే. ఇరవై రెండేళ్ల కిందటి నవ్వే. వెంట్రుకవాసి తేడా లేదు.

ఇదీ ఆటలో భాగమేననుకుని జనం చప్పట్లు కొట్టారు. బాబాయ్ మాత్రం లైటు తిప్పడమే మరిచిపోయాడు.

ఆట అయ్యాక మేనేజరు, "రేపట్నుంచి తెర తాడు లాగు. దానికి కళ్లతో పనిలేదు" అన్నాడు. నడవలో విసనకర్రల ఆవిడ కుంటుకుంటూ ఎదురొచ్చింది. మొదటిసారి ఆయన్ని నిజంగా చూసింది. నవ్వలేదు. పెదవి మీదికి కారుతున్న నల్లరంగు చూసి, పాపమనుకుని రుమాలు చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

ఇంటికొచ్చేసరికి ఇంకా ఎండ ఉంది. పిన్ని సంచీ విప్పుతోంది.

"మీ అక్కయ్య..."

"నిచ్చెన మీదుంది. రెండు కాళ్ల మీదా నిలబడే గోడకి సున్నం కొడుతోంది. మిమ్మల్ని అడిగానని చెప్పమంది. పొద్దున్న బస్సుకే తిరిగి నేరుగా హాలుకొచ్చేశాను."

ఆ దెబ్బ బాబాయ్‌కి తగల్లేదు. అంతకంటే లోపల ఇంకోటి తగిలి ఉంది.

"ఇందాక... నన్ను చూసి నవ్వావా?"

"మీరెక్కడ కనపడ్డారు? లైటులోకి చూస్తే తెల్లగా మంట తప్ప ఏముంటుంది? మీద పడగానే గడ్డం ఎత్తి లైటుకేసి నవ్వాలి. మొదటి రోజు మాస్టారు నేర్పేది అదే. ఇన్నేళ్లయినా ఒంట్లోంచి పోలేదు."

బాబాయ్ మంచం అంచున కూలబడ్డాడు. "మరి... అప్పుడు?"

పిన్ని చీర మడత పెట్టడం ఆపలేదు.

"అప్పుడంటే ఎప్పుడు? మీరు మా నాన్న కొట్టు ముందు నిలబడి, పదిమంది వినేలా 'మీ అమ్మాయి నన్ను చూసి నవ్వింది' అన్నప్పుడా? ఆ వారమే బృందంవాళ్లు నన్ను రావద్దన్నారు. పైవారం నాన్న మీకిచ్చి చేసేశాడు. నవ్వావా అని నన్నెవరూ అడగలేదు."

"నువ్వైనా చెప్పొచ్చుగా! ఇరవై రెండేళ్లు!"

"మీరూ అడగలేదుగా. ఊరందరికీ చెప్పుకోవడమే సరిపోయింది."

బాబాయ్ రుమాలుతో మూతి తుడుచుకున్నాడు. నలుపు బుగ్గలకెక్కింది. దెబ్బలు తిన్న పిల్లాడిలా, "పోనీ అది లైటుకే అనుకో. ఇంట్లో ఇన్నేళ్లలో ఒక్కసారైనా అలా నవ్వలేదేమోయ్?" అన్నాడు.

పిన్ని మడత పెట్టిన చీర బీరువాలో పెట్టి తలుపు మూసింది.

"ఇంట్లో మీరు కనపడతారుగా."